మీట ఎవరి చేతిలో ఉంది?

ఏటా జులై 8న, సెప్టెంబరు 2న ఇడుపులపాయలోని వై.ఎస్. రాజశేఖరరెడ్డి సమాధి వద్ద కెమెరాలు బారులు తీరుతాయి. ఒక చానల్‌కు అది రోజంతటి వార్త, మరొక దానికి నాలుగు ముక్కల వార్త. ఏ చానల్ ఏ పార్టీ వారిదో పులివెందులలో, ప్రొద్దుటూరులో చిన్నపిల్లవాణ్ణి అడిగినా చెబుతాడు. యాజమాన్యాలకు రంగులుండడం కొత్త కాదు. చానల్ మన ఇంటికి చేరాలో వద్దో నిర్ణయించే మీట ఎవరి చేతిలో ఉందన్నదే మమ్మల్ని కలవరపెడుతున్న సంగతి.

2014 జూన్‌లో తెలంగాణలో టీవీ9, ఏబీఎన్ ఆంధ్రజ్యోతి ప్రసారాలను కేబుల్ ఆపరేటర్లు నిలిపివేశారు. 2016 జూన్‌లో, ముద్రగడ పద్మనాభం నిరాహార దీక్ష సమయంలో, ఆంధ్రప్రదేశ్‌లో సాక్షి టీవీ ఆగిపోయింది. 2019లో ప్రభుత్వం మారిన కొద్ది నెలలకే ఏబీఎన్, టీవీ5 వంతు వచ్చింది. 2024 జూన్‌లో మళ్ళీ ప్రభుత్వం మారగానే సాక్షి, టీవీ9, ఎన్టీవీ తెరలు నల్లబడ్డాయి. పునరుద్ధరణకు ఢిల్లీ హైకోర్టు ఆదేశించవలసి వచ్చింది. నిన్న ఆపించారని నింద మోసినవారే నేడు తమ చానల్ ఆపారని కోర్టు మెట్లెక్కుతున్నారు. రాతపూర్వకమైన ఉత్తర్వు మాత్రం వెతికినా దొరకదు. అంతా ఆపరేటర్ల ‘స్వంత నిర్ణయమే’!

తమ ప్రత్యర్థి గొంతు నొక్కడానికి ఇంత చురుకుగా పనిచేసే ఈ వ్యవస్థ, మన మీద విషం చిమ్మినప్పుడు ఏం చేసింది? 2020లో కరోనాను తబ్లీగీ జమాఅత్‌కు అంటగట్టి వారాల తరబడి చర్చలు నడిపారు. అది దుష్ప్రచారమేనని అదే సంవత్సరం ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం తేల్చేనాటికి, మన చిరువ్యాపారులను అనుమానంగా చూసే చూపులు వీధుల్లో స్థిరపడిపోయాయి. ముస్లిం యువకులు సివిల్ సర్వీసుల్లోకి ‘చొరబడుతున్నార’న్న సుదర్శన్ టీవీ కార్యక్రమాన్ని ఆపడానికి సెప్టెంబరు 15న సుప్రీంకోర్టే పూనుకోవలసి వచ్చింది. దాని ప్రసారానికి అంతకుముందు కేంద్ర మంత్రిత్వశాఖ అడ్డుచెప్పలేదు.

అందుచేత ప్రభుత్వానికే మరింత అధికారం ఇవ్వమందామా? మేము అలా అనలేము. అదే మంత్రిత్వశాఖ 2020 మార్చిలో, ఢిల్లీ అల్లర్ల వార్తలు చూపినందుకు, ఏషియానెట్ న్యూస్, మీడియావన్ చానళ్ళను 48 గంటలు ఆపివేయమంది. 2022 జనవరి 31న భద్రత పేరుతో మీడియావన్ అనుమతినే నిరాకరించింది. కారణాలు సీలు వేసిన కవరులో ఉన్నాయి; ఆ చానల్‌కు సైతం చూపలేదు. 2023 ఏప్రిల్ 5న సుప్రీంకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టివేసింది.

వాయుతరంగాలు ప్రజల ఆస్తి అనీ, వాటి నియంత్రణ స్వతంత్ర సంస్థ చేతిలో ఉండాలనీ సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. 1997లో అందుకై తెచ్చిన బిల్లు మురిగిపోయింది. ప్రసార భారతి దూరదర్శన్, ఆకాశవాణులకే పరిమితం. దాని స్వేచ్ఛ ఎంతటిదో ప్రేక్షకులకు తెలియనిది కాదు. ఈ జబ్బు మనకొక్కరికే కాదు. కమ్యూనిస్టు పాలన నుంచి బయటపడిన పోలండ్‌లో 2015లో వచ్చిన ప్రభుత్వం జాతీయ టెలివిజన్‌ను తన బాకాగా మార్చుకుంది. 2023 డిసెంబరులో వచ్చిన ప్రభుత్వం యాజమాన్యాన్ని ఊడ్చి, వార్తా చానల్ ప్రసారాన్నే కొన్నాళ్ళు ఆపింది. పాలకులు మారారు, మీట మాత్రం పాలకుల చేతిలోనే ఉంది.

స్వతంత్ర నియంత్రణ సంస్థ కావాలని, అందులో మైనారిటీలకు, దళితులకు స్థానం ఉండాలని మన ఎమ్మెల్యేలను, ఎంపీలను పార్టీలతో నిమిత్తం లేకుండా అడగాలి. ఈలోగా, మనలను కించపరిచే కార్యక్రమం వస్తే టీవీ కట్టేసి ఊరుకోవద్దు. చానల్ పేరు, తేదీ, సమయం, పలికిన మాటలు రాసిపెట్టుకుని చానల్‌కు ఫిర్యాదు పంపండి. 2021 నిబంధనల ప్రకారం 15 రోజుల్లో తేల్చాలి. తృప్తి కలగకపోతే చానళ్ళ స్వీయ నియంత్రణ సంస్థకు వెళ్ళవచ్చు. ఆ పైమెట్టు మళ్ళీ కేంద్ర ప్రభుత్వమే: మీడియావన్‌ను ఆపిన ఆ మంత్రిత్వశాఖే.