మ్యాప్ పెద్దదైతే చాలదు.. ఊరు బతకాలి!

గేమ్ డెవలపర్ కావాలనుకుంటున్నారా? అయితే మీ ప్రాజెక్టును ఒకసారి మీరే ఆడి చూడండి. కొండలు, కోట, కత్తి పట్టిన హీరో, కనుచూపు మేర పచ్చిక.. చూడటానికి బాగానే ఉంటాయి. పది నిమిషాలు తిరిగితే మాత్రం అక్కడ ఎవరూ బతకడం లేదని తెలిసిపోతుంది. దుకాణదారు అర్ధరాత్రయినా అక్కడే నిలబడి ఉంటాడు. అతడి కొట్లో దొంగతనం చేసినా మర్నాడు అదే నవ్వు, అదే డైలాగ్!

గుంటూరు, ప్రకాశం పల్లెల నుంచి ఈ రంగంలోకి రావాలనుకునే మీకు చెప్పేది ఒక్కటే. వంద చదరపు కిలోమీటర్ల ప్రపంచం కట్టకండి. ఒక మిర్చి యార్డు కట్టండి.

పేరుమోసిన ఓపెన్ వరల్డ్ గేమ్స్ ఎందుకు గుర్తుండిపోయాయో చూడండి. 2006లో వచ్చిన 'ఆబ్లివియన్'లో పాత్రలకు తిండి, నిద్ర, పని అంటూ ఓ దినచర్య పెట్టారు. 2014 నాటి 'షాడో ఆఫ్ మోర్డోర్'లో మిమ్మల్ని చంపిన మామూలు సైనికుడికి పదోన్నతి వస్తుంది. మళ్లీ ఎదురైతే పాత గొడవ గుర్తుచేస్తాడు. 2018లో వచ్చిన 'రెడ్ డెడ్ రిడెంప్షన్ 2'లో దారినపోయేవాళ్లను పలకరిస్తే ఒకలా, రెచ్చగొడితే ఇంకోలా స్పందిస్తారు. దినచర్య, జ్ఞాపకం, స్పందన.. ప్రాణం పోసేవి ఈ మూడే. వీటికి పెద్ద మ్యాప్ అక్కర్లేదు.

ఇప్పుడు ఆసియాలోని అతిపెద్ద మిర్చి మార్కెట్లలో ఒకటైన గుంటూరు యార్డును గేమ్ డిజైనర్ కళ్లతో చూడండి. సీజన్‌లో టిక్కీలతో లారీలు బారులు తీరతాయి. వ్యాపారి కాయలు చేతిలోకి తీసుకుని రంగు, తేమ, తాలు చూస్తాడు. తేజకు ఒక ధర, 334కు ఇంకో ధర. గిట్టుబాటు కాలేదనుకున్న రైతు సరుకును కోల్డ్ స్టోరేజీలో పెడతాడు. అప్పు తీర్చాల్సిన రైతుకు అంత వెసులుబాటు ఎక్కడిది? వచ్చిన కాడికి అమ్ముకుంటాడు. ధర ఒకటే, నిర్ణయాలు రెండు. గేమ్‌లో మీ ప్రమేయం లేకుండా తిరిగే పాత్రలకు, అంటే ఎన్‌పీసీలకు, అసలు పాఠం ఇదే. ఒక్కో పాత్రకు మూడు సంగతులు రాసుకోండి: చేతిలో ఎంత ఉంది, ఇప్పుడు ఏం కావాలి, ఎవరిని నమ్ముతుంది.

ఇక మబ్బు పట్టించండి. కళ్లంలో ఆరబోసిన కాయల మీద పట్టాలు కప్పడానికి జనం పరుగెత్తాలి. హమాలీల పని ఆగాలి. టీ కొట్టు దగ్గర గుంపు పెరగాలి. ఆటగాడు వేలు కదపకపోయినా ఇవన్నీ జరగాలి.

ఆటగాడు తూకంలో మోసం చేశాడనుకోండి. ఆ క్షణమే యార్డంతా తెలిసిపోతే నమ్మబుద్ధి కాదు. చూసిన హమాలీ టీ కొట్టు దగ్గర చెప్పాలి. అక్కడ విన్న రైతు రాత్రికి ఊళ్లో చెప్పాలి. మర్నాడు ఆ ఊరి నుంచి ఒక్క టిక్కీ కూడా ఆటగాడి దగ్గరకు రాకూడదు. కోడ్‌లో ఇదేం బ్రహ్మవిద్య కాదు. ఎవరికి ఏం తెలుసో ఒక జాబితా ఉంచి, ఇద్దరు కలిసినప్పుడు ఒకరి సంగతి మరొకరికి చేర్చడమే.

'ఏఐ చాట్‌బాట్ తగిలిస్తే పాత్రలు వాటంతటవే మాట్లాడతాయి కదా' అంటారేమో. మాట్లాడతాయి. కానీ ధర పడిపోయిందని ఏడ్చిన రైతు, ఆ మరుక్షణం పాత ధరకే సరుకు అమ్మితే నవ్వొస్తుంది. మాటకు తగ్గ పని జరగాలంటే కింద లెక్క సరిగ్గా ఉండాలి. ఓ అభ్యాసం ఇస్తాను. 2025 ఫిబ్రవరిలో మిర్చి ధరలు పతనమై, మార్కెట్ జోక్య పథకం కింద కేంద్రం క్వింటాకు రూ.11,781 ధర ప్రకటించింది. ఇలాంటి ప్రకటన మీ గేమ్‌లో వస్తే రైతు, కమీషన్ వ్యాపారి, కౌలుదారు ఏం చేస్తారు? కోడ్‌కు ముందు కాగితం మీద రాయండి.

మరి ఉద్యోగం? ఉన్నమాట చెప్పుకోవాలి. ఐటీ సేవల రంగంలో ఉన్నన్ని కొలువులు గేమింగ్‌లో లేవు. అందుకే లక్షలు పోసి కోర్సులో చేరేముందు పని మొదలుపెట్టండి. గోడో ఇంజిన్ పూర్తిగా ఉచితం. టూడీ గేమ్‌కు మామూలు ల్యాప్‌టాప్ చాలు. హైదరాబాద్‌లోని ఓగర్ హెడ్ అనే చిన్న స్టూడియో 2017లో మన పురాణాల స్ఫూర్తితో 'అసుర' తెచ్చింది. పుణెలోని నాడింగ్ హెడ్స్ 2020లో 'రాజీ' తెచ్చింది. రెండూ ఇక్కడి కథలతోనే బయటికెళ్లాయి. ఒకవేళ గేమింగ్‌లో అవకాశం రాకపోయినా నష్టం లేదు. స్టేట్ మెషిన్లు, డేటా స్ట్రక్చర్లు, సిమ్యులేషన్ వచ్చినవారు సాఫ్ట్‌వేర్‌లో ఎక్కడైనా పనికొస్తారు.

ఒక యార్డు, పది పాత్రలు, ఒక్క రోజు. ఈ సెలవులకు ఇంతే లక్ష్యం పెట్టుకోండి. ఇంటర్వ్యూలో మీ గేమ్ ఆడినవారు 'ఈ రైతు అమ్మకుండా ఎందుకు వెళ్లిపోయాడు?' అని అడిగితే మీరు గెలిచినట్టే. జవాబు మాత్రం మీ దగ్గర ఉండాలి. అది యూట్యూబ్ పాఠాల్లో దొరకదు. సీజన్‌లో ఒక పూట యార్డుకు వెళ్లి, బేరం జరిగేచోట నిలబడి చూడండి.