అవ్వను ఏమని పిలుద్దాము?



ఈ నెల ఒక చిన్న సంగతి వ్రాస్తున్నాము. చిన్నదే గాని చాలా కాలముగా మా మనస్సులో ముల్లువలె ఉన్నది. మన ఇండ్లలో పిల్లలు అవ్వను ఏమని పిలుస్తున్నారు?

అవ్వలు ఇద్దరు ముగ్గురు ఉన్న ఇంటిలో 'అవ్వ' అనే ఒక్క మాట చాలదు. ఏ అవ్వయో తెలియాలి గదా! ధర్మవరములో మగ్గమున్న ఇంటిలో రాట్నము ముందు కూర్చుండి కండెలు చుట్టే అవ్వ, మనవరాలికి 'కండెలవ్వ'. అమ్మను కన్నతల్లి హిందూపురములో ఉంటే ఆమె 'హిందూపురమవ్వ'. ఆమెను చూడబోయే రైలు పెనుకొండ మీదుగా పోతుంది గనుక, అక్కడ కొండ క్రింద కాపురమున్న చిన్నవ్వ 'కొండవ్వ' అవుతుంది. హిందూపురము కన్నడ సీమకు ఆనుకొని ఉన్నది. అక్కడ కొందరు పిల్లలు 'అజ్జి' అంటారు. మన సీమలోనే కొన్ని ఇండ్లలో 'జేజి'. కోస్తా నుండి వచ్చిన కోడలు తన బిడ్డలకు 'నాయనమ్మ' అని నేర్పుతుంది. బెంగుళూరులో చదివే మనవలు ఫోనులో 'గ్రానీ' అంటారు. వీటిలో ఏదియు తప్పు కాదు. ప్రేమతో పిలిచిన ప్రతి పేరూ మంచిదే.

అయితే ముద్దుగా పెట్టిన పేర్లన్నీ ముద్దుగానే వినబడతాయా?

కొన్ని సంవత్సరముల క్రిందట మేము పెనుకొండ దగ్గర ఒక పల్లె సంఘమునకు ఆరాధనకు వెళ్ళేవారము. ఒక ఆదివారము ప్రార్థన మనవులు చెప్పే వేళ ఏడేండ్ల పిల్లవాడు లేచి, "మా కుంటవ్వకు కాలునొప్పి, ప్రార్థన చేయండి" అన్నాడు. వాకిట్లో జారిపడి తుంటి విరిగినప్పటి నుండి ఆమె కర్ర పట్టుకొని నడుస్తున్నది. ఇంటివారు నవ్వులాటకు అలా పిలువగా ఆ పేరే నిలిచిపోయినది. బిడ్డ మాటకు సంఘమంతా నవ్వినది. నవ్వినవారిలో మేమూ ఉన్నాము. ఆమె కూడ కొంగు నోటికి అడ్డము పెట్టుకొని నవ్వినది.

తరువాత రెండు ఆదివారములు ఆమె గుడికి రాలేదు. మూడవ వారము మేము ఇంటికి వెళ్ళి చూడగా, చాప మీద కూర్చుండి చింతపండుకు గింజలు తీస్తున్నది. "గుడికి రాలేదేమి అవ్వా?" అని అడిగినాము.

"కాలు బాగలేదు నాయనా" అన్నది. కొంచెము సేపు ఊరకుండి, "కుంటిదాన్ని గదా" అన్నది.

ఆ మాటతో మా నోట మాట రాలేదు. వంటింటి గడపలో నిలిచిన కోడలు తల వంచుకొన్నది. మనవడు మాత్రము అవ్వ దగ్గరకు పోయి, "అట్లయితే నిన్ను ఏమని పిలవాల అవ్వా?" అని అడిగినాడు. అన్ని సంవత్సరములలో ఆ ప్రశ్న ఎవరూ అడిగినట్టు లేదు. ఆమె గింజలు తీయడము ఆపి, "మా యమ్మ నన్ను బంగారీ అని పిలుస్తాండె. ఆమె పోయినాక ఆ మాట ఎవురూ అనలేదు" అన్నది.

ఆ దినము నుండి ఆమె 'బంగారవ్వ'. మరుసటి ఆదివారము గుడికి వచ్చినది. ఎప్పటి చోటనే, గోడకు ఆనుకొని కూర్చున్నది.

రూతు గ్రంథము మొదటి అధ్యాయము చూడండి. నయోమి మోయాబు దేశములో భర్తను, ఇద్దరు కుమారులను పోగొట్టుకొని బేత్లెహేముకు తిరిగి వచ్చినది. నయోమి అనగా మధురము. అయితే ఆమె ఇక తన్ను మారా అని, అనగా చేదు అని పిలువుమన్నది. తన బాధనే తనకు పేరుగా పెట్టుకొన్నది. ఇప్పుడు ఆ గ్రంథము కడవరకు చదవండి. ఒక్కరైనను ఆమెను మారా అని పిలిచినట్టు లేదు. నాలుగవ అధ్యాయములో ఓబేదు పుట్టినప్పుడు ఇరుగుపొరుగు స్త్రీలు ఆమెను నయోమి అనియే చెప్పుకొన్నారు. తానే కోరినను వారు ఆమె గాయమును ఆమె పేరుగా చేయలేదు. మరి మనము, కోరనివారికి కూడ కుంటవ్వ, బోసవ్వ, చెవిటవ్వ, గూనవ్వ అని పేర్లు పెట్టుచున్నాము గదా!

పౌలు తిమోతికి వ్రాసిన రెండవ పత్రిక మొదటి అధ్యాయములో లోయిని గూర్చి చెప్పినచోట మన తెలుగు బైబిలులో ఉన్న మాట 'అవ్వ'యే. మన పల్లెలలోని మాట అక్కడ ఉన్నందుకు సంతోషించెదము. పౌలు ఆ వరుసతోనే ఆగలేదు, ఆమె పేరును కూడ వ్రాసినాడు. మన పిల్లలలో ఎందరికి తమ అవ్వ అసలు పేరు తెలుసు? బాప్తిస్మపు రిజిష్టరులో ఉన్న ఆ పేరు సమాధి మీద చెక్కిన దినమునే మొదటిసారి చదివే మనవలు ఉన్నారు.

కాబట్టి తల్లిదండ్రులారా, ఈ నెల ఇది చేసి చూడండి. ముద్దుపేరు పెట్టక ముందు అవ్వనే అడగండి. ఆమె చిన్ననాటి పేరు, ఆమె చేతి పని, ఆమె ఊరు, వీటిలో మంచి పేర్లు ఎన్నో దొరకును. నోరు తిరగని పసిబిడ్డ వచ్చీరాని మాటతో పెట్టిన పేరుకు ఆమె ముఖము వికసిస్తే అదే ఉంచండి. ఆమె దేహములోని లోపమును, రంగును, లేమిని పేరుగా చేయవద్దు. ఆమె నవ్వుచున్నది గదా అనవద్దు. పెద్దలు బిడ్డలను నొప్పించలేక కూడ నవ్వుదురు. ఎంత మంచి పేరు పెట్టినను, నెలల తరబడి ఆమె గడప తొక్కకపోతే ఆ పేరుతో పిలిచేదెవరు?

ఈ రాత్రి కుటుంబ ప్రార్థనలో ఆమె అసలు పేరు చెప్పి, ముద్దుపేరు కూడ చెప్పి, దేవునికి కృతజ్ఞతాస్తుతులు చెల్లించండి. వీలైతే ఆమె వినునట్లు చెప్పండి.

ప్రభువు మీ ఇంటి పెద్దలను దీవించును గాక. ఆమేన్.