తుంగ మళ్లీ మొలిస్తే తప్పు ఎవరిది?

కంబదూరు వైపు శెనక్కాయ చేలల్లో వంగి కలుపు తీసేది దాదాపుగా ఆడవాళ్లే. ఒక వాన పడిందంటే చాలు, తీసిన చోటే తుంగ మళ్లీ తలెత్తుతుంది. అప్పుడు వినాలి మాటలు! "కబుర్లు చెప్పుకుంటా పైపైన పీకిపోయినారు" అని. ఈ నింద ఎంత అన్యాయమో మన వంటింటి గంపే చెబుతుంది.

మన సీమలో అన్నీ గడ్డలే. ఎర్రగడ్డ, తెల్లగడ్డ, ఉర్లగడ్డ, గెణుసుగడ్డ. పేరు ఒకటే గానీ పుట్టుకలు వేరు. ఎర్రగడ్డను నిలువునా కోసి చూడండి. అడుగున వేళ్లంటుకుని బిళ్లలాంటి గట్టి ముక్క ఉంటుందే, మనం తీసి పారేసేది, అదీ దాని కాండం. మిగిలిన పొరలన్నీ తిండి దాచుకున్న ఆకులు. దీన్ని పుస్తకాల్లో లశునం అంటారు. అల్లం, పసుపు అలా కాదు, ఒళ్లంతా కాండమే. కణుపులుంటాయి, కణుపు దగ్గర మొగ్గ ఉంటుంది. దీనికి శాస్త్రం పెట్టిన పేరు 'కొమ్ము'. పసుపుకొమ్ము అని మనం ఏనాటి నుంచో అంటున్న మాటే కదా! ఉర్లగడ్డా కాండమే, దాని కళ్లే మొగ్గలు. గెణుసుగడ్డ ఒక్కటే అచ్చంగా వేరు.

ఇక తుంగ. మట్టిలో సన్నటి కొమ్ములు పాకించి, వాటి మీద గొలుసుకట్టుగా గడ్డలు పెంచుకుంటుంది. సున్నిపిండిలో వేసుకునే తుంగముస్తలు ఇవే. ఎర్రగడ్డను పీకితే మొత్తం చేతికొస్తుంది. తుంగను పీకితే కొమ్ము పుటుక్కున తెగి, గడ్డలు లోపలే ఉండిపోతాయి. పైగా గొలుసు తెగితే అంతదాకా నిద్రపోతున్న మొగ్గలు కూడా లేస్తాయి! ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడడమే గగనమైన జిల్లాలో అది బతికేది ఈ దాచుకున్న తిండితోనే.

లోతుగా తవ్వి తీయొచ్చు కదా అంటారా? శెనక్కాయ వేరుకు కాసేది కాదు. పువ్వు వాడాక ఊడ మట్టిలోకి దిగి కాయవుతుంది. ఊడలు దిగినాక చేలో గుంటకే తోలరు, ఇక ఆడవాళ్లు తవ్వేదెట్లా? తుంగకు మందు ఎండాకాలం దుక్కి. గడ్డలు పైకి తేలి ఎండకు మాడిపోవాలి, మిగిలినవి ఏరేయాలి. ఆ దుక్కి దున్నించే బాధ్యత చేను గలవాళ్లది.

అది చేయించకుండా, రెండోసారి కలుపుకు పిలిచి, మొదటిసారి పని బాగాలేదని కూలిలో కోత పెడితే ఎట్లా? రెండోసారి తీసిన కలుపుకు రెండోసారి పూర్తి కూలీ ఇవ్వాల్సిందే.