సైకిలు సీటు, మోకాటి నొప్పి



“సైకిలు మా ఒంటికి పడలేదు” అని, నేర్చిన విద్యను నెల తిరుగకముందే మూలబెట్టు స్త్రీలు పెక్కుమంది కలరు. కారణమడిగినచో మోకాళ్లు నొచ్చుచున్నవనియు, నడుము పట్టుచున్నదనియు, కూర్చున్నచోట ఒరసుకొనుచున్నదనియు చెప్పుదురు. ఇంటివారును “ఆడువారి శరీరమునకు ఈ శ్రమ తగదు” అని తీర్పు చెప్పి ఊరకుందురు. ఈ తీర్పునకు ముందు విచారింపవలసిన సంగతి యొకటి కలదు. చాల తావుల దోషము శరీరమునందు గాక సీటు ఎత్తునందే యుండును.

నేర్చుకొను దినములలో రెండు పాదములును నేలకు ఆనునట్లు సీటును దించి బిగించుట న్యాయమే. పడుదుమను భయము దానివలన తీరును. అయితే భయము తీరిన పిదప సీటును మరల ఎత్తించువారు అరుదు. అంగడికి పోయివచ్చునంత దూరమునకు ఈ లోపము తెలియదు. కరీంనగరము నుండి గంగాధర మీదుగా కొండగట్టు ఆంజనేయస్వామి దర్శనమునకు సైకిలుపై పోదలచితిమనుకొందము. దూరము సుమారు 35 కిలోమీటర్లు. సాధారణపు సైకిలున పెడలు ఒక చుట్టు తిరిగినచో బండి రమారమి 5 మీటర్లు సాగును. అనగా కొండ చేరులోపల ఒక్కొక్క మోకాలు 7,000 మారులు ముడిచి చాపవలెను. సీటు పల్లముగ నున్నచో ప్రతి మారును మోకాలు మితిమీరి మడగి, చిప్పపై భారము పడును. మోకాటి ముందువైపు నొప్పి దానికి గుర్తు. మితిమీరి ఎత్తైనచో పెడలు అందక తుంట్లు ఇటునటు ఊగును, తొడలు ఒరసుకొనును, మోకాటి వెనుక నరములు లాగును.

సరియైన ఎత్తు కనుగొనుట సులభము. సైకిలును గోడ ప్రక్కన నిలిపి, గోడను పట్టుకొని సీటుపై నిటారుగ కూర్చుండుడు. రోజును వేసికొను చెప్పులనే వేసికొనుడు. ఒక పెడలును అడుగునకు తెచ్చి మడమను దానిపై ఆన్చుడు. కాలు చక్కగా చాపుకొనవలెను, తుంటి మాత్రము ఒకవైపునకు వాలరాదు. తొక్కునప్పుడు మడమకు మారుగా పాదపు ముందుభాగమును పెడలుపై నుంచినచో మోకాలు కొంచెము మడగియుండును. అదియే కావలసినది.

లెక్క కోరువారికి మరియొక మార్గము. 1967లో హామ్లీ, థామస్ అను ఇరువురు పరిశోధకులు కాలి లోపలి పొడవును 1.09 చేత గుణించినచో వచ్చు కొలత తగునని తేల్చిరి. నేల నుండి తొడల సందు వరకు 72 సెంటీమీటర్లు ఉన్నచో, అడుగున నున్న పెడలు పైభాగము నుండి సీటు పైభాగము వరకు సుమారు 78.5 సెంటీమీటర్లు ఉండవలెను.

సీటును ఒక్కమారుగ ఎత్తక, దినమునకు అర సెంటీమీటరు చొప్పున ఎత్తుడు. సీటు గొట్టముపై గీత యున్నచో అది పైకి కనబడరాదు. కనబడునంత లాగినచో గొట్టము విరుగు ప్రమాదము కలదు. సీటు మీది భాగము సమముగ నుండవలెను. ముక్కు పైకి లేచినచో ఒత్తుకొనును, క్రిందికి వంగినచో భారమంతయు చేతులపై పడును. ఎత్తిన సీటుపై కూర్చుండి రెండు పాదములు నేల మోపుట సాధ్యము కాదు. కావున ఆగునప్పుడు సీటు నుండి ముందునకు జరిగి దిగుట అలవరచుకొనుడు. ఘాటు దారిలో సైకిలును నడిపించుకొని పోవుటయే మేలు.

1991 ప్రాంతమున తమిళనాడులోని పుదుక్కోట జిల్లాలో అక్షరాస్యతోద్యమముతో పాటు వేలకొలది పల్లెపడుచులు సైకిలు నేర్చిరి. నేర్చిన విద్య నిలువవలెనన్న శరీరమునకు సుఖముండవలెను. ఎదుగు బాలికకు రెండు మూడు నెలలకొకసారి సీటు ఎత్తు చూడవలసినదే. మోకాలు నొచ్చుచున్నదని మీ కుమార్తె చెప్పిన దినమున సైకిలు మాన్పింపక, మొదట పానా చేతబట్టుడు. సీటు సరిచేసినను నొప్పి తగ్గకున్నచో వైద్యునకు చూపుడు.