తలుపు ఎవరు బిగించాలి?

2004 సెప్టెంబరులో ఒక ఆదివారం మధ్యాహ్నం మా పెరట్లో పదిమందిమి కూర్చుని గంటసేపు పోట్లాడుకున్నాం. అమెరికాలో ఎన్నికల రోజులు. సగంమంది తెలుగువాళ్ళం, మిగతావాళ్ళు మా వీధివాళ్ళు. పౌరసత్వం వచ్చాక నాకు అదే మొదటి ప్రెసిడెంటు ఎన్నిక. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు అందరికన్నా పెద్ద గొంతు నాదే. ఇరాక్‌లో ఉన్న సైనికులకి కవచం ఉన్న బండ్లు చాలినన్ని లేకపోవడానికి కారణం ఎవరన్నది వాదన. డబ్బు బిల్లుకి వ్యతిరేకంగా ఓటేసిన జాన్ కెర్రీయా, బండ్లు లేకుండానే యుద్ధానికి పంపిన జార్జ్ బుష్షా?

నేను కెర్రీ పక్షం. నా దగ్గర తారీఖులతో సహా జవాబులున్నాయి. అవతలివాళ్ళ దగ్గరా ఉన్నాయి. మేం అలిసిపోయి పకోడీల మీద పడ్డాక, అప్పటిదాకా నోరు విప్పని ఎదురింటావిడ ఒక్క మాట అడిగింది. ఆవిడ కొడుకు నేషనల్ గార్డులో పనిచేస్తున్నాడు, నెల్లాళ్ళలో ఇరాక్ వెళ్ళాలి. "ఓట్ల సంగతి సరే. బండికి గట్టి తలుపు బిగించమని ఆర్డరు వెయ్యాల్సింది ఎవరు?"

పదిమందిలో ఒక్కరికీ తెలీదు. గంటసేపు అరిచినవాళ్ళకి ఆ ప్రశ్న తట్టనైనా తట్టలేదు. ఇన్నేళ్ళ తర్వాత నేను చెప్పదల్చుకున్నది ఒకటే. సైనికుడి బండి మీద రాజకీయాల్లో జరిగిన రచ్చంతా ఆ ప్రశ్న ఎవరూ అడక్కుండా చేయడానికే పనికొచ్చింది. ఆ రచ్చలో నేనూ ఉన్నాను.

ముందు ఆ ఓటు సంగతి చూద్దాం. ఇరాక్, అఫ్గానిస్తాన్ల కోసం బుష్ ప్రభుత్వం అడిగింది 8,700 కోట్ల డాలర్లు. 2003 అక్టోబరు 17న సెనేట్ 87-12 ఓట్లతో బిల్లుని ఆమోదించింది. కెర్రీ ఆ పన్నెండుమందిలో ఒకడు. అంతకుముందు అదే డబ్బుని సంపన్నుల పన్ను రాయితీలు తగ్గించి సమకూర్చాలనే సవరణకి ఆయన ఓటేశాడు, అది ఓడిపోయింది. 2004 మార్చిలో వెస్ట్ వర్జీనియాలో, తాను ముందు ఆ డబ్బుకి అనుకూలంగా ఓటేసి ఆ తర్వాతే వ్యతిరేకంగా వేశానని నోరుజారాడు. ఆ ఒక్క వాక్యాన్ని పట్టుకుని అవతలి పక్షం ఎన్నికలదాకా టీవీలో వాయించింది. సైనికుడికి కవచం వద్దన్న మనిషి అని ముద్ర పడింది.

నా మిత్రులు చెప్పనిది ఇంకోటుంది. ఇరాక్ పునర్నిర్మాణానికిచ్చే సొమ్ములో సగాన్ని అప్పుగా మారిస్తే ఆ బిల్లునే వీటో చేస్తామని వైట్‌హౌస్ కూడా బెదిరించింది. అంటే ఇద్దరూ 'నా షరతు ఒప్పుకోకపోతే బిల్లు వద్దు' అన్నవాళ్ళే. ఒకడిది ద్రోహమైంది, ఇంకొకడిది పట్టుదలైంది. ఇంతకీ నవంబరులో తుది బిల్లుని సెనేట్ మూజువాణీ ఓటుతోనే దాటించింది. ఎవరు ఔనన్నారో, ఎవరు కాదన్నారో పేర్లు రాసుకోనే లేదు!

ఇక బండి సంగతి. హమ్వీ 1980లలో జీపు స్థానంలో వచ్చింది. యుద్ధరంగం వెనక సరుకులూ మనుషులూ చేరవేయడానికి చేసిన బండి. నేలకి దగ్గరగా, అడుగు బల్లపరుపుగా ఉంటుంది. మామూలు రకానికి రేకు తలుపులో, గుడ్డ తలుపులో. వెనకా ముందూ అనే గీత ఉన్న యుద్ధానికి అది సరిపోతుంది. ఇరాక్‌లో ఆ గీతే లేదు, రోడ్డే యుద్ధరంగం. పాతిపెట్టిన బాంబు పేలితే ఆ బల్లపరుపు అడుగు దెబ్బంతా తన మీదికి తీసుకుంటుంది.

ఇది మన తెలుగువాళ్ళకి విడమరిచి చెప్పాల్సిన పని లేదు. సెనేట్ ఓటుకి సరిగ్గా పదహారు రోజుల ముందు, 2003 అక్టోబరు 1న, అలిపిరి దగ్గర మందుపాతరలు పేలాయి. బుల్లెట్‌ప్రూఫ్ కారులో ఉన్న ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు గాయాలతో బయటపడ్డారు. ఆ వార్త చదివి, బండి మామూలుదైతే ఏమయ్యేదో అని మేమంతా ఇక్కడ ఫోన్లలో చెప్పుకున్నాం. అదే నెలలో ఇరాక్‌లో గుడ్డ తలుపుల బండ్లలో కూర్చున్న పిల్లల గురించి మాత్రం మాకు ఓట్ల లెక్కే కావలసొచ్చింది.

ఎన్నికలయ్యాయి, బుష్ గెలిచాడు. డిసెంబరు 8న రక్షణ మంత్రి రమ్స్‌ఫెల్డ్ కువైట్‌లో సైనికులతో మాట్లాడుతుంటే టెనెసీ నేషనల్ గార్డు సైనికుడొకడు లేచి అడిగాడు: మా బండ్లకి కవచాల కోసం చెత్తకుప్పల్లో పాత ఇనుపరేకులు ఎందుకు ఏరుకోవాల్సొస్తోంది? మిగతా సైనికులు చప్పట్లు కొట్టారు. ఉన్న సైన్యంతోనే యుద్ధానికి వెళ్తాం, కావాలనుకున్న సైన్యంతో కాదు అన్న రమ్స్‌ఫెల్డ్ జవాబు అందరికీ గుర్తుండిపోయింది. ఆ ప్రశ్న తయారీలో ఒక విలేఖరి చెయ్యి ఉందని తర్వాత బయటపడితే, అది ఎవరి ప్రశ్న అని వారం రోజులు చర్చించారు. ఎవరిదైతేనేం, చెత్తకుప్ప అబద్ధమా?

ఆ జవాబులో ఎక్కువమంది పట్టించుకోని ముక్క ఇంకోటుంది. ఇది డబ్బు సమస్య కాదు, తయారీ సామర్థ్యం సమస్య అని కూడా ఆయన అన్నాడు. అంటే కెర్రీ డబ్బు ఆపబోయాడని ఎన్నికలదాకా చెప్పిన ప్రభుత్వంలోని రక్షణ మంత్రే, ఎన్నికలయిన నెలకి, డబ్బు సమస్యే కాదన్నాడు! సరే, సామర్థ్యమే అనుకుందాం. రెండ్రోజుల్లో కవచం బిగించే కంపెనీ బయటికొచ్చి, నెలకి 450 బండ్లు చేస్తున్నాం, అడిగితే 550 చేయగలం అంది. అప్పుడుగానీ సైన్యం అడగలేదు. ప్రభుత్వ జమాఖర్చులు చూసే జి.ఎ.ఓ. కూడా 2005లో ఆ మాటే రాసింది. ఉన్న సామర్థ్యాన్ని పూర్తిగా వాడుకోకుండా నెమ్మదిగా చేయించారని.

డబ్బుంది, ఫ్యాక్టరీ ఉంది. లేనిది ఆర్డరు. ఎదురింటావిడ అడిగింది దాని గురించే.

ఆ తర్వాత జరిగింది ఇంకా ఘోరం. 2005 ఫిబ్రవరిలో ఇరాక్‌లోని మెరీన్ అధికారులు 1,169 ఎమ్మార్యాప్ బండ్లు అర్జంటుగా కావాలని రాసి పంపారు. ఎత్తుగా ఉండి, అడుగు 'వి' ఆకారంలో ఉండే బండి అది. పేలుడు దెబ్బ పక్కలకి జారిపోతుంది. దక్షిణాఫ్రికావాళ్ళు దశాబ్దాల కిందటే చేసిన పద్ధతి, కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు. ఆ కాగితం వాషింగ్టన్ పరిసరాల్లో ఎక్కడో పడుకుంది. 2007లో కొత్త రక్షణ మంత్రి రాబర్ట్ గేట్స్ ఆ బండ్ల గురించి పేపర్లో చదివి, ఇదే అన్నిటికన్నా ముందు పని అన్నాడు. ఆ ఏడాది చివరికల్లా నెలకి వెయ్యికి పైగా తయారయ్యాయి. అంటే తలుచుకుంటే నెలల్లో అయ్యే పనికి రెండేళ్ళు పట్టింది. అదే ఏడాది మార్చిలో వీటికి అదనంగా డబ్బిచ్చే జో బైడెన్ సవరణని సెనేట్ 98-0తో ఆమోదించింది. ఒక్కడూ కాదనలేదు. మరి రెండేళ్ళూ అడ్డుపడిన పార్టీ ఏది?

పార్టీ కాదు. యుద్ధం రేపో మాపో అయిపోతుందన్న నమ్మకం, తర్వాతి తరం బండ్ల కోసం దాచుకున్న బడ్జెట్టు మీద ప్రేమ. గేట్స్ తన 'డ్యూటీ' పుస్తకంలో ఇంచుమించు ఇదే చెప్పాడు. మెరీన్ కోర్ సకాలంలో స్పందించలేదని 2008లో పెంటగన్ ఇన్‌స్పెక్టర్ జనరల్ తేల్చాడు. ఈ ఆలస్యాన్ని బయటపెట్టిన మెరీన్ కోర్ సైన్సు సలహాదారు ఫ్రాంజ్ గేల్ మాత్రం సెక్యూరిటీ క్లియరెన్సు పోగొట్టుకుని కొన్నాళ్ళు ఇంట్లో కూర్చున్నాడు.

దీనికి ఎదురు చెప్పేవాళ్ళున్నారు. ఎమ్మార్యాప్ సర్వరోగనివారిణి కాదు, బరువెక్కువ, బోల్తా పడుతుంది, కొన్ని రకాల బాంబులు దాన్నీ చీల్చేస్తాయి అంటారు. నిజమే. అఫ్గానిస్తాన్ కొండదారులకి అదే పనిగా తేలికరకం ఒకటి చేయాల్సొచ్చింది కూడా. కానీ అవన్నీ చూసి ఆ కారణాలు రాసి 'వద్దు' అని ఎవరైనా సంతకం పెట్టి ఉంటే నేనీ వ్యాసం రాసేవాణ్ణి కాదు. వద్దనడానికీ జవాబుదారీ ఉంటుంది, అందుకే కాగితాన్ని ఊరికే కింద పెట్టారు.

ఇంకో అభ్యంతరం నా పక్షంవాళ్ళదే. అసలు యుద్ధమే తప్పు, తప్పుడు యుద్ధానికి మంచి బండి గురించి ఏడుపెందుకు అని. యుద్ధం తప్పేనని నేను అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటున్నాను. అయితే ఆ కుర్రాడు యుద్ధం ప్రకటించలేదు. వాడు గుడ్డ తలుపు పక్కన కూర్చున్నంతకాలం, నా యుద్ధవ్యతిరేకత వాడికి ఏ రకంగానూ అడ్డం రాదు. పైగా వాడి బండి నా పక్షానికి ఉపయోగపడినంతకాలం, అది బాగుపడాలన్న తొందర నాలోనూ పెద్దగా లేదు. ఇది ఒప్పుకోవడం కష్టంగానే ఉంది.

చేతులెత్తినవాళ్ళని లెక్కపెట్టడం తేలిక. సెనేట్లో ఓటుకి పేరుంటుంది, తారీఖుంటుంది, టీవీ ప్రకటనకి అచ్చంగా సరిపోతుంది. ఫైలు కింద పెట్టినవాడికి పేరుండదు. కాబట్టి ఈసారి ఎవరైనా, ఏ దేశంలోనైనా, సైనికుడికి ఫలానావాడు ద్రోహం చేశాడని మన ముందుకొస్తే, అడగాల్సినవి మూడు. క్షేత్రం నుంచి ఎప్పుడు అడిగారు? ఆర్డరు ఎప్పుడు వేశారు? ఆ రెండు తారీఖుల మధ్య కాగితం ఎవరి బల్ల మీద ఉంది? వీటికి జవాబు చెప్పలేనివాడు, ఏ పార్టీవాడైనా, సైనికుణ్ణి అడ్డం పెట్టుకుని మన ఓటు అడుగుతున్నాడు.

ఎదురింటావిడ కొడుకు తిరిగొచ్చాడు. వాళ్ళు ఊరు మారిపోయి చాలాకాలమైంది. ఆ ఆదివారం ఆవిడ అడిగినదానికి మేమెవరం జవాబివ్వలేదు. పకోడీలు చల్లారిపోతున్నాయని మాట మార్చింది నేనే.