కండలూ, కలతా

జిమ్‌కు పోయే పాలమూరు పిల్లల్ని చూస్తే మాకు ముచ్చటే. భయమల్లా సూదితోనే. ఆపరేషన్ బల్ల మీద పడిపోయిన బీపీని లేపడానికి మత్తు డాక్టర్లు వాడే మెఫెంటర్‌మిన్ ఇంజెక్షన్‌ను, కసరత్తుకు ఊపొస్తుందని జిమ్ కుర్రాళ్లకు అమ్ముతుంటే హైదరాబాద్‌లో పలుమార్లు పట్టుకున్నారు. ఆ ఊరు మనకు నూరు కిలోమీటర్లే. గుండెదడ సరే, అలవాటైతే నిద్ర పోతుంది, అనుమానం పుడుతుంది, లేని గొంతులు వినిపించొచ్చు. కండల కోసం వాడే స్టెరాయిడ్లది ఇంకో దారి: వాడుతుంటే చిర్రుబుర్రు, హఠాత్తుగా మానేస్తే దిగులు, కొందరికి చావు ఆలోచనలు. ఇంట్లోవాళ్లేమో పొగరనుకుంటారు!

అద్దంలో కండలు ఎంత పెరిగినా చాలవనిపించే ఆ మనసు చుట్టే ఈ సంచిక రచనలన్నీ తిరుగుతాయి. ఎవరినీ తిట్టడానికి మేం పూనుకోలేదు. మీ ఇంట్లో అట్లాంటి కుర్రాడుంటే సూది సంగతి డాక్టరుకు దాచకుండా చెప్పించండి. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడొచ్చు.