గుండె బొమ్మకు మాటలు రాయించండి

తెలంగాణ ఇంటర్మీడియట్ బోర్డు కార్యదర్శి గారికి,

బైపీసీ రెండో ఏడాది జువాలజీలో నాలుగు యూనిట్లు మనిషి శరీరానివే. దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ కోచింగ్ సెంటర్లలో వీటి మెటీరియల్ ఇప్పుడు పీడీఎఫ్‌గా ఫోన్లకే వస్తోంది. చూపు లేని పిల్లకు మాత్రం అది అందినా అందనట్టే.

అను ఫాంట్లో కొట్టిన పేజీని, ఫోన్లో తెరను చదివి వినిపించే టాక్‌బ్యాక్‌తో చదివించి చూడండి. తెరమీద ‘గుండె’ అని కనిపించినా లోపల ఉన్నవి ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు. ఫోను వాటినే వల్లిస్తుంది. స్కాన్ చేసిన పేజీ అయితే అసలు నోరే విప్పదు. యూనికోడ్‌లోకి మార్చడం ఏ డీటీపీ కుర్రాడికైనా తెలిసిన పనే. కన్వర్టర్లో వేసి, ఒత్తులు సరిచూసుకోవాలి, అంతే.

అసలు చిక్కు బొమ్మలతోనే. కింద ‘పటం: మానవ హృదయం’ అని రాసి వదిలేస్తే వినేవాళ్లకు దక్కేది ఆ మాటలే. ఒంట్లోంచి వచ్చిన రక్తం మహాసిరల గుండా కుడి కర్ణికలోకి, కవాటం దాటి కుడి జఠరికలోకి, అక్కణ్నుంచి పుపుస ధమనిలో ఊపిరితిత్తులకు వెళ్తుందని వరసగా చెప్పాలి. ఎడమ జఠరిక ఒళ్లంతటికీ రక్తం నెట్టాలి కనుక దాని గోడ మందమని చెప్పాలి. బొమ్మలో గుండె కుడిభాగం మన ఎడమచేతి వైపు ఉంటుందనీ చెప్పాలి. చూపున్నవాళ్లే అక్కడ తడబడతారు! ఎరుపు, నీలం రంగుల్నే నమ్ముకుంటే జిరాక్సులో రెండూ నలుపే. బాణాలూ పేర్లూ ఉండి తీరాలి.

వీడియో పాఠాల్లో ‘ఇది ఇలా వచ్చి ఇందులోకి పోతుంది’ అంటే చూడలేనివాళ్లకు ఏం తెలుస్తుంది? భాగం పేరు పలకాలి. వినికిడి లేనివాళ్ల కోసం వేసే క్యాప్షన్లను జువాలజీ తెలిసినవాళ్లు దిద్దాలి.

ఎల్బీనగర్ మెట్రోలో తర్వాతి స్టేషన్ ఏదో రైలే చెబుతుంది. పాఠానికి ఆపాటి ఏర్పాటు చేయలేమా? ఇది దయాధర్మం కాదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఎలక్ట్రానిక్ సమాచారమంతా వాళ్లకు అందేలా ఉండాలంటోంది. డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమేనని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న తేల్చింది. చూపు లేని పిల్లల్ని ఆర్ట్స్ గ్రూపుకే పంపే అలవాటుకు పుస్తకం సాకు కాకూడదు.

ఈ నాలుగు యూనిట్లతో మొదలుపెట్టండి. వికలాంగుల సంక్షేమ శాఖ కార్యాలయం మలక్‌పేటలోనే ఉంది, మీ నాంపల్లి విద్యాభవన్‌కు దూరమేం కాదు. వాళ్లను కలుపుకొని, చూపు లేని విద్యార్థుల చేతే చదివించి చూశాకే విడుదల చేయండి.

ఇట్లు,
ఒక జువాలజీ లెక్చరర్, దిల్‌సుఖ్‌నగర్